కబడ్డీ మాన్పించాలా అని అడిగిన అమ్మకు

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఎనిమిదో తరగతి నుంచి కబడ్డీ ఆడుతున్నాడు, కార్నర్‌లో ఉంటాడు, జిల్లా పోటీల దాకా వెళ్ళాడు. మొన్న వేసవి నుంచి స్కూల్ టీమ్‌తో పాటు టౌన్‌లో పెద్ద కుర్రాళ్ళ టీమ్‌తో కూడా సాయంత్రాలు ప్రాక్టీస్‌కి వెళ్తున్నాడు. దసరాకి ఒక టోర్నమెంట్‌లో ఎవరి మోకాలో తలకి తగిలి కాసేపు మైకంగా పడుకున్నాడట, తర్వాత లేచి మళ్ళీ ఆడాడు. ఈమధ్య వాడికి కోపం విపరీతంగా వస్తోంది. పోయిన నెల క్లాసులో ఒక అబ్బాయిని తోసేస్తే బెంచీ తగిలి ఆ పిల్లవాడి పన్ను విరిగింది. ఇంట్లో ఛార్జర్ దగ్గర గొడవై చెల్లెల్ని కొట్టాడు. మావారు బెల్టు తీసి నాలుగు తగిలించారు. "ఈ కొట్లాట ఆట మాన్పించెయ్, లేకపోతే రౌడీ అవుతాడు" అంటున్నారు. మా తమ్ముడేమో "ఆడితేనే ఆ కోపమంతా బయటికి పోతుంది అక్కా, మాన్పిస్తే ఇంట్లో పేలుతుంది" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? సంక్రాంతికి మా పుట్టింటి ఊళ్ళో పోటీలున్నాయి, పంపమని వాడు ప్రాణం తీస్తున్నాడు.
— ఓ తల్లి, ప్రకాశం జిల్లా

సమాధానం:

అమ్మా, మీవారి మాటా, మీ తమ్ముడి మాటా రెండూ కాసేపు పక్కన పెట్టండి. ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారే, దసరాకి తలకి దెబ్బ తగిలింది, కాసేపు మైకంగా పడుకున్నాడు, లేచి మళ్ళీ ఆడాడు అని, నాకు అక్కడ గుండె జారింది. ఆట వల్ల కోపం పెరుగుతుందా లేదా అనే చర్చ తర్వాత ఎంతసేపైనా చేసుకోవచ్చు, ముందు వాణ్ణి ఒక న్యూరాలజీ డాక్టర్‌కి చూపించండి, వచ్చే వారం కాదు, ఈ వారమే.

తలకి దెబ్బ తగిలి మెదడు కుదుపుకి గురవడాన్ని కన్‌కషన్ అంటారు. స్పృహ పూర్తిగా తప్పితేనే కన్‌కషన్ అని మనవాళ్ళలో ఒక అపోహ ఉంది, అది నిజం కాదు, చాలామందికి అసలు స్పృహ తప్పదు. రక్తం కారదు, వాపు ఉండదు, ఎక్స్‌రేలో కనపడదు, మామూలు స్కాన్ కూడా శుభ్రంగానే రావచ్చు. తర్వాత రోజుల్లో తలనొప్పి, నిద్ర సరిగ్గా పట్టకపోవడం లేదా పగలంతా నిద్రపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, వీటితో పాటు చిన్నదానికే చిరాకు, అంతకుముందు లేని కోపం. చాలామంది పిల్లలకి కొన్ని వారాల్లో అదే తగ్గిపోతుంది, కొందరికి నెలలు పడుతుంది. మీవాడికి కోపం దసరాకి ముందే మొదలైందా, తర్వాతా అన్నది మీరు రాయలేదు. కూర్చుని గుర్తు చేసుకోండి, చెల్లెల్ని అడగండి, పిల్లలకి అలాంటివి బాగా గుర్తుంటాయి. డాక్టర్ మొదట అడిగేది అదే.

ఆ రోజు వాణ్ణి మళ్ళీ ఆటలోకి దింపినవాళ్ళ మీద నాకు కోపం వస్తోంది. తలకి దెబ్బ తగిలి మైకం వచ్చిన ఆటగాడు ఆ రోజు ఇక ఆడకూడదు అనేది ఇప్పుడు ప్రపంచంలో పెద్ద క్రీడా సంఘాలన్నీ ఒప్పుకున్న నియమం. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే చాలా ప్రమాదం, పిల్లల్లో అయితే మరీను. కాబట్టి డాక్టర్ సరే అనేదాకా పట్టులు, డ్యాష్‌లు (కూతకొచ్చినవాణ్ణి ఒంటితో గుద్ది గీత బయటికి నెట్టడం) ఏవీ వద్దు, ఎవరెంత బతిమాలినా వద్దు. ఇంకో మాట, దీని గురించి ఫోన్‌లో వెతికారంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కథలు కనపడతాయి, 2002లో చనిపోయిన మైక్ వెబ్‌స్టర్ మెదడుని బెనెట్ ఒమలు అనే డాక్టర్ పరీక్షించడం, సీటీఈ అనే జబ్బు, దానివల్ల మనుషులు హింసాత్మకంగా మారడం, ఇలాంటివి. అవి చదివి రాత్రంతా మేలుకోకండి. అది ఏళ్ళ తరబడి తలకి మళ్ళీ మళ్ళీ దెబ్బలు తిన్నవాళ్ళలో కనపడేది, ఒక్క మోకాలి దెబ్బతో వచ్చేది కాదు.

సరే, ఇప్పుడు మీ తమ్ముడి సంగతి.

ఆడితే కోపం బయటికి పోతుందనే మాట మీ తమ్ముడు కనిపెట్టింది కాదులెండి, చాలా పెద్దవాళ్ళే అన్నారు. నోబెల్ బహుమతి అందుకున్న ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ కూడా 1960ల్లో దాదాపు ఇదే చెప్పాడు, మనిషిలో దూకుడు ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరిలాగా పేరుకుంటుందని, ఆటలు దానికి విజిల్ లాంటివని. వినడానికి ఎంత బాగుంటుందో. పీడీలు చెప్తారు, జిమ్ వాళ్ళు చెప్తారు, కోచింగ్ ఫీజు కట్టించుకునే ప్రతివాళ్ళూ చెప్తారు. పరీక్షించి చూస్తే మాత్రం నిలబడలేదు. అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అనే సైకాలజిస్ట్ 2002లో ఒక ప్రయోగం ఫలితాలు వేశాడు. 600 మంది కాలేజీ విద్యార్థులతో వ్యాసాలు రాయించి, ఇంత చెత్తగా ఎవరైనా రాస్తారా అన్నట్టు కామెంట్ పెట్టి వాళ్ళకి కావాలనే కోపం తెప్పించారు. తర్వాత కొందరికి బాక్సింగ్ బ్యాగ్ ఇచ్చి, ఆ కామెంట్ రాసినవాణ్ణి తలుచుకుంటూ గుద్దమన్నారు, కొందరిని ఒంటికి మంచిది అనుకుంటూ గుద్దమన్నారు, ఇంకొందరిని ఏమీ చెయ్యకుండా రెండు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. చివరికి ఎక్కువ కోపంగా మిగిలింది శత్రువుని తలుచుకుంటూ గుద్దినవాళ్ళే. ఊరికే కూర్చున్నవాళ్ళు అందరికంటే తక్కువ దూకుడుగా ఉన్నారు.

అంతకుముందు, 1973లో, రిచర్డ్ సైప్స్ అనే మానవశాస్త్రవేత్త ఇదే సంగతిని ఇంకోవైపు నుంచి చూశాడు. ఆటల్లో కొట్లాడుకుంటే కోపం ఖాళీ అయిపోయే మాటే నిజమైతే, కొట్లాట ఆటలున్న సమాజాల్లో యుద్ధాలు తక్కువుండాలి కదా. 20 సమాజాలు తీసుకుని లెక్క చూస్తే తలకిందులుగా వచ్చింది, యుద్ధాలు చేసే పదింటిలో తొమ్మిదింటికి అలాంటి ఆటలున్నాయి, శాంతంగా ఉండే పదింటిలో రెండింటికే ఉన్నాయి. కాబట్టి మీ తమ్ముడితో చెప్పండి, మీవాడు ఎవరి మీదో మండిపడుతూ ఆ ముఖాన్నే తలుచుకుంటూ మ్యాట్ మీద విరుచుకుపడితే కోపం పోదు, ఇంకా బాగా అలవాటవుతుంది. ఒళ్ళు అలిసేలా ఆడితే నిద్ర బాగా పడుతుంది, ఆకలేస్తుంది, మనసు కాస్త తేలికవుతుంది, అది నిజమే, కానీ కోపం బయటికి వెళ్ళిపోవడం అంటే అది కాదు.

మరి మీవారిదే రైటా? ఆయన పక్షాన కూడా ఆధారాలున్నాయి, దాచను. నార్వేలో డాన్ ఓల్వియస్ అని, స్కూళ్ళలో పిల్లలు పిల్లల్ని ఏడిపించడం మీద జీవితమంతా పనిచేసిన ఆయన, ఇంగెర్ ఎండ్రెసెన్‌తో కలిసి 11 నుంచి 13 ఏళ్ళ మగపిల్లలని వరుసగా గమనించి 2005లో రాశారు. బాక్సింగ్, కుస్తీ, వెయిట్‌లిఫ్టింగ్, కరాటే లాంటివాటిలో చేరినవాళ్ళలో ఆట బయట గొడవలూ అల్లరి పనులూ పెరిగాయి. గొడవలు పడే పిల్లలే ఆ ఆటల్లో చేరతారు, అందుకే అలా కనపడుతుంది అని కొట్టిపారేద్దామా అంటే, చేరిన తర్వాత పెరగడం కూడా వాళ్ళు చూశారు. అమెరికాలో డెరెక్ క్రేగర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2007లో స్కూలు మగపిల్లల మీద పెద్ద సర్వే వివరాలు తీసి చూశాడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాళ్ళూ కుస్తీ పట్టేవాళ్ళూ ఏ ఆటా ఆడనివాళ్ళకంటే పెద్ద కొట్లాటల్లో ఎక్కువగా ఉన్నారు. బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, టెన్నిస్ ఆడేవాళ్ళలో అలా కనపడలేదు. మీవారికి ఈ పేరా చదివి వినిపిస్తే ఆయన మీసం మెలేస్తారు.

కానీ ఇక్కడితో ఆపకండి, ఆ క్రేగర్ రాసిందాంట్లో ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికంటే అదే ముఖ్యం. ఒక అబ్బాయి స్నేహితులందరూ ఫుట్‌బాల్ టీమ్ వాళ్ళే అయితే, వాడు కొట్లాటల్లో దిగే అవకాశం ఇంకా పెరుగుతుంది. అంటే మైదానంలో ఏం ఆడుతున్నాడు అన్నదానితో పాటు, ఆట అయ్యాక ఎవరితో తిరుగుతున్నాడు, వాళ్ళ దగ్గర దేనికి గొప్ప పేరొస్తుంది అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు మీ ఉత్తరం మళ్ళీ చదవండి. ఎనిమిదో తరగతి నుంచి ఆడుతున్నాడు అన్నారు. ఎనిమిదిలో గొడవల్లేవు, తొమ్మిదిలో గొడవల్లేవు, ఆట అదే, పట్టులు అవే, స్కూల్ టీమ్ కూడా అదే. ఈ ఏడాది కొత్తగా వచ్చినవి మూడు. పదో తరగతి టెన్షన్, దసరా దెబ్బ, వేసవి నుంచి టౌన్‌లో పెద్ద కుర్రాళ్ళ టీమ్. మీవారు వీటిలో ఒక్కదాన్నీ చూడకుండా, అన్నాళ్ళూ ఏ హానీ చెయ్యని ఆటని పట్టుకున్నారు.

ఆటలో ఏముందో దాన్ని మాత్రమే చూద్దాం. మీవాడు కార్నర్ అన్నారు. నేను కూడా ఆడినవాణ్ణే, చాలాకాలం పిల్లల చేత ఆడించినవాణ్ణి, కార్నర్ పని ఏమిటో మీకు చెప్తాను. కూతకొచ్చినవాడు, అంటే రైడర్, కళ్ళ ముందు గంతులేస్తుంటాడు, తొడ కొడతాడు, వెక్కిరిస్తాడు, కాలు చాపినట్టే చాపి లాక్కుంటాడు, కార్నర్‌లో ఉన్నవాడు ఊరుకోవాలి. ఊరుకుని, ఊరుకుని, ఆ కాలు నిజంగా దిగిన క్షణంలో మడమ దగ్గర పట్టెయ్యాలి. ఒళ్ళు మండి ముందే దూకినవాడు పాయింట్ ఇచ్చుకుని బయటికి పోతాడు. పైగా పట్టు అంటే చేతులూ కాళ్ళూ మొండెమే, ఇంకెక్కడా పట్టుకోకూడదు, నోరు నొక్కకూడదు, జుట్టు లాగకూడదు, కాళ్ళతో కత్తెర వెయ్యకూడదు. మంచి కార్నర్‌కి ఉన్నంత ఓర్పు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి కూడా ఉండదు.

హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మగవాళ్ళ కబడ్డీ ఫైనల్, 2023 అక్టోబర్, ఇండియా ఇరాన్, మీవాడు తప్పకుండా చూసుంటాడు. ఆట చివర్లో స్కోరు 28-28, మన పవన్ సెహ్రావత్ కూతకి వెళ్ళి ఎవర్నీ తాకకుండా లాబీలోకి (కోర్టుకి రెండు పక్కలా ఉండే పట్టీ, ఎవర్నైనా తాకాకే అందులోకి వెళ్ళాలి) అడుగేశాడు, వెనకే ఇరాన్ వాళ్ళూ లాబీలోకి వచ్చేశారు, ఏ రూల్ ప్రకారం ఎవరికెన్ని పాయింట్లు అన్న దగ్గర తీర్పు ఒకసారి ఇటూ ఒకసారి అటూ మారింది. బంగారు పతకం పోతుందన్నప్పుడు ఒంట్లో రక్తం ఎలా ఉడుకుతుందో ఊహించండి, అందరూ కండలు తిరిగిన మొనగాళ్ళే. ఏం చేశారు? వాదించారు, అరిచారు, మ్యాట్ మీద బైఠాయించారు, సుమారు గంటసేపు ఆట ఆగిపోయింది, తర్వాత లేచి మిగిలిన ఆట ఆడారు. 33-29తో మనం గెలిచాం. అంత గొడవలో కూడా ఆట కొట్లాటగా మారలేదు.

అలా కానిది కూడా ఉంది, 1997లో బాక్సర్ మైక్ టైసన్ రింగ్‌లో ఎదుటి బాక్సర్ హోలీఫీల్డ్ చెవి కొరికాడు. అంతకుముందు హోలీఫీల్డ్ తల టైసన్‌కి గుద్దుకుని కంటి పైన గాయమైంది, రిఫరీ అది కావాలని చేసింది కాదన్నాడు, టైసన్ ఒప్పుకోలేదు. నాకు అన్యాయం జరిగింది, ఎవరూ పట్టించుకోవట్లేదు, ఇక నేనే తేలుస్తా అనే చోట నుంచే మైదానంలో సగం కొట్లాటలు పుడతాయి. ఫౌల్‌కి ఫౌల్ అని విజిల్ వేసే రిఫరీ ఉన్నచోట పిల్లలు తక్కువ కొట్టుకుంటారు. మన ఊళ్ళ పోటీల్లో ఆ రిఫరీ ఎవరి బామ్మర్దో మీకు తెలిసిందే.

ఒకే ఆట ఒక చోట పిల్లల్ని నెమ్మదిపరిచి ఇంకో చోట ఎందుకు చెడగొడుతుందో చూపించిన ప్రయోగం ఒకటుంది. చిన్నదే, 34 మంది అబ్బాయిలు, అందరూ 13 నుంచి 17 ఏళ్ళ లోపు, అప్పటికే గొడవల్లో ఇరుక్కున్నవాళ్ళు. మైకేల్ ట్రల్సన్ అనే పరిశోధకుడు 1986లో దాని ఫలితాలు వేశాడు. ఒక గుంపుకి తైక్వాండో పాత పద్ధతిలో నేర్పారు, గురువుకి దండం, కాసేపు ధ్యానం, ఎదుటివాడికి మర్యాద, ఎప్పుడు కొట్టకూడదో చెప్పడం, ఆ తర్వాతే తన్నులు. రెండో గుంపుకి తన్నులూ గుద్దులూ మాత్రమే. మూడో గుంపుకి పరుగు, బాస్కెట్‌బాల్ లాంటివి. ఆరు నెలల తర్వాత మొదటి గుంపులో దూకుడు బాగా తగ్గింది, రెండో గుంపులో ముందున్నదానికంటే పెరిగింది, మూడో గుంపులో ఆ విషయంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మొదటి రెండు గుంపులకీ తన్నులు అవే. నేర్పినవాడు తన్నుతో పాటు ఇంకేం నేర్పాడు అన్నదే తేడా.

అందుకే నా మాట ఇది, ఆట మాన్పించొద్దు, ఆ సాయంత్రం టీమ్ సంగతి తేల్చండి. వెళ్ళి ఒక పూట గ్రౌండ్ పక్కన కూర్చోండి, చెప్పకుండా వెళ్ళండి, కొడుకు సిగ్గుపడితే పడనివ్వండి. ఆటని చూడకండి, ఆట మధ్యలో జరిగేవి చూడండి. ఎవడైనా దెబ్బ తగిలి పడిపోతే మిగతావాళ్ళు చెయ్యిచ్చి లేపుతున్నారా, పడీపడీ నవ్వుతున్నారా. మోచేత్తో పొడిచినవాడికి కోచ్ ఏమంటున్నాడు, ఆట ఆపి బయట నిలబెడుతున్నాడా, లేక భుజం తట్టి "అదీ దెబ్బంటే" అంటున్నాడా. బాగా పట్టి కూడా పాయింట్ పోగొట్టుకున్నవాణ్ణి గాజులు తొడుక్కో అంటున్నారా. ప్రాక్టీస్ అయ్యాక ఇంటికి పోతున్నారా, బైకులేసుకుని ఎవరినో బెదిరించడానికి పోతున్నారా (టౌన్‌లో కొన్ని టీమ్‌ల వెనక ఎవరుంటారో, ఎన్నికలప్పుడు ఆ కుర్రాళ్ళు ఏం పనులకి వెళ్తారో మీరు నాకంటే బాగా ఎరుగుదురు). మగాడు అంటే కొట్టేవాడు అని అక్కడ రోజూ చప్పట్లు పడుతుంటే, మీవాడు క్లాసులో తోసింది కబడ్డీ వల్ల కాదు, ఆ చప్పట్ల వల్ల.

బ్రెండా బ్రెడెమైయర్, డేవిడ్ షీల్డ్స్ అని ఇద్దరు పరిశోధకులు ఆటగాళ్ళతో మాట్లాడి 1980ల్లో గమనించింది ఏమిటంటే, ఆటలోకి దిగగానే మనుషులు మంచీచెడ్డల లెక్క కాస్త మార్చుకుంటారు. బయట తప్పు అనుకునేవి గీత లోపల ఒప్పు అనుకుంటారు, బయటికి రాగానే మళ్ళీ మామూలు మనిషవుతారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, అలా మారకపోతే ఎవడూ ఎవణ్ణీ పట్టుకోలేడు. ఆ గీత ఎక్కడుందో పిల్లవాడికి తెలియకుండా పోయినప్పుడే తంటా. క్లాస్‌రూమ్ మ్యాట్ కాదు. చెల్లెలు రైడర్ కాదు.

ఆ టీమ్ అలాంటిదే అని తేలితే అక్కడికి మాన్పించండి, స్కూల్ టీమ్ ఉంచండి, స్కూల్ పీఈటీతో విడిగా మాట్లాడండి. మొత్తం ఆటే లాగేశారనుకోండి, వాడికి ఇంతకాలంగా గుర్తింపు ఉన్న ఒకే ఒక్క చోటు పోతుంది, కానీ ఆ పెద్ద కుర్రాళ్ళ స్నేహం మాత్రం పోదు, రోడ్డు మీద కొనసాగుతుంది. కోచ్ ఉన్న కొట్లాట పోయి కోచ్ లేని కొట్లాట మిగులుతుంది.

వాడి బ్యాగ్ కూడా ఒకసారి చూడండి. దొంగచాటుగా కాదు, ఎదురుగా కూర్చోబెట్టుకునే చూడండి. ఆ వయసు పిల్లలకి కండలు త్వరగా వస్తాయని స్టెరాయిడ్లు, అలుపు రాదని మెఫెంటెర్మైన్ ఇంజెక్షన్లు అంటగట్టేవాళ్ళున్నారు. ఆ మెఫెంటెర్మైన్ ఆపరేషన్ టైములో బీపీ పడిపోతే డాక్టర్లు ఇచ్చే మందు, జిమ్‌లో పొడుచుకునేది కాదు. ఇవి వాడితే చిరాకూ కోపమూ పెరగడం ఒక ఎత్తు, గుండెకి వచ్చే ముప్పు ఇంకో ఎత్తు. వెయిట్ క్యాటగిరీ కోసం అన్నం మానేసి, నీళ్ళు మానేసి కిలోలు దింపుతున్నాడేమో కూడా అడగండి. కడుపు మాడిన పిల్లవాడు ఎవరి మీదైనా విరుచుకుపడతాడు, దానికి ఏ పరిశోధనా అక్కర్లేదు.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. చెల్లెల్ని కొట్టినందుకు వాళ్ళ నాన్న బెల్టు తీశారు. ఆ రోజు వాడు నేర్చుకున్నది చెల్లెల్ని కొట్టకూడదని కాదు, బలం ఉన్నవాడు బలం లేనివాణ్ణి కొట్టొచ్చు, నాన్నకి ఇంకా నాకంటే బలం ఉంది అని. అది ఇంకో రెండేళ్ళ మాటే కదా. ఆ ఇంట్లో కబడ్డీ కంటే గట్టి కోచింగ్ ఆ బెల్టే ఇచ్చింది. ఈ మాట మీవారితో మీరు చెప్పలేకపోతే ఈ సమాధానం ఆయన ముందు పెట్టండి, తిడితే నన్ను తిడతారు.

బెల్టు బదులు ఏం చెయ్యాలంటే, వాడికి బాగా తెలిసిన రూలే ఇంట్లో పెట్టండి. కబడ్డీలో మొదట ఆకుపచ్చ కార్డు చూపిస్తారు, అది హెచ్చరిక. పసుపు కార్డు అయితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, ఎర్ర కార్డు అయితే ఆ ఆట నుంచి పూర్తిగా బయటికే. అలాగే ముందే చెప్పండి, నోరు జారితే హెచ్చరిక, ఇంట్లో ఎవరి మీద చెయ్యెత్తినా తర్వాతి మ్యాచ్ లేదు, అంతే, కేకలుండవు, బెల్టుండదు, బతిమాలుడుండదు, మ్యాచ్ ఎంత పెద్దదైనా సరే. ఆ ఒక్క మ్యాచ్ పోయాక కథ అక్కడితో అయిపోవాలి, నెల రోజులు దెప్పడం ఉండకూడదు. పీఈటీ గారికి కూడా ఈ సంగతి ముందే చెప్పి ఒప్పించండి, లేకపోతే మ్యాచ్ రోజు పొద్దున్నే ఆయనే ఫోన్ చేసి "ఈ ఒక్కసారికి పంపండి మేడమ్" అంటాడు. చెల్లెలికి కూడా ఈ రూల్ వినపడేలా చెప్పండి, ఇంట్లో తన పక్షాన ఎవరో ఉన్నారని ఆ పిల్లకి తెలియాలి. మీ ఉత్తరమంతా కొడుకు గురించే ఉంది, దెబ్బ తిన్నది తను.

పన్ను విరిగిన పిల్లవాడి సంగతి కూడా వదిలెయ్యకండి. మీరూ మీవాడూ కలిసి వాళ్ళింటికి వెళ్ళండి. మాట్లాడాల్సింది వాడు, మీరు పక్కన ఉంటే చాలు. పన్ను ఖర్చులో కొంతైనా వాడి పండగ డబ్బుల్లోంచి, వాడి కొత్త షూస్‌లోంచి పోవాలి.

ఇవన్నీ చేశాక కూడా కోపం తగ్గకపోతే, లేదా డాక్టర్ తలలో ఏమీ లేదన్నాక కూడా వాడు రాత్రుళ్ళు నిద్రపోకుండా, ఎవరితో మాట్లాడకుండా ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ అది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పిచ్చివాళ్ళకి అనుకోకండి, పదో తరగతి పిల్లల తల్లులు చేసే ఫోన్లు అక్కడ మామూలే.

ఇక సంక్రాంతి. డాక్టర్ ఆడొచ్చు అంటేనే పంపండి, కాగితం మీద రాయించుకోండి, ఊళ్ళో అడిగేవాళ్ళకి చూపించడానికి పనికొస్తుంది. డాక్టర్ వద్దంటే ఊరికి తీసుకెళ్ళండి గానీ బరిలోకి మాత్రం దిగడు, స్కోరు రాసే బల్ల దగ్గర కూర్చుంటాడు. ఆడొచ్చు అన్నా కూడా ముందు నిర్వాహకులకి ఫోన్ చేసి కనుక్కోండి, వయసును బట్టో బరువును బట్టో విడివిడిగా పెడుతున్నారా, లేక అందరికీ ఒకటే పోటీయా. అందరికీ ఒకటే అయితే వద్దు, 15 ఏళ్ళ పిల్లవాడు పాతికేళ్ళ మొనగాళ్ళ మీద, మట్టి మీద, రాత్రి లైట్ల కింద, పందేలు కాసినవాళ్ళ కేకల మధ్య ఆడాల్సిన పనేమీ లేదు. పిల్లలకి విడిగా ఉంటే వెళ్ళనివ్వండి, మీరు కూడా వెళ్ళి కూర్చోండి. మీ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి, కాకపోతే గట్టు మీద నుంచి "విరగ్గొట్టరా వాణ్ణి" అని అరవనని ముందే ఒట్టేయించుకోండి.